గూరో రాయని ఉత్తరాలు

ఓస్లో,
11 ఫిబ్రవరి 1929

చిరంజీవి అనదగిన చెల్లెలు గూరోను దీవించి అన్న హల్వర్ వ్రాయునది. ఇలా మొదలుపెడితే నీకెలా ఉంటుంది? నీ ఉత్తరం చదువుతుంటే నాకూ అచ్చం అలాగే ఉంది.

"తమ కుశలము దెలిసి మిక్కిలి సంతసించితిని" అట. మన లీయెన్ ఇంట్లో ఎవరు ఎప్పుడు సంతసించారే? మనం మురిసిపోతాం, సంబరపడతాం, మరీ ఎక్కువైతే ఓ గొర్రెను కోస్తాం. ఇది నువ్వు రాశావా, పాస్టరుగారు రాసి నీచేత సంతకం పెట్టించారా అని కాసేపు అనుమానపడ్డాను. మనల్ని ఏలిన డెన్మార్కు వాళ్లు మన నెత్తిమీద నుంచి దిగిపోయి వందేళ్లు దాటినా వాళ్ల పుస్తకాల భాషలోనే ప్రార్థనలు చేస్తున్నాం, తీర్పులు రాస్తున్నాం, చివరికి అన్నాచెల్లెళ్లం కూడా అందులోనే పలకరించుకుంటున్నాం. సిగ్గుగా లేదూ?

నేను పనిచేసే 'గ్రామవాణి' పత్రిక ఉన్నదే అందుకు. లోయల్లో జనం మాట్లాడే మాటే అచ్చులోకి రావాలని పదమూడేళ్లుగా గొంతు చించుకుంటున్నాను. ఇక్కడి 'నగరదీపం' పత్రిక వాళ్లు అది పశువులతో మాట్లాడే భాష అని రోజూ వెక్కిరిస్తారు. నా సొంత చెల్లెలే వాళ్ల పక్షాన చేరి నాకు ఉత్తరాలు రాస్తే ఇంక నేనెవరికి చెప్పుకోను?

కాబట్టి ఇది ఆజ్ఞ అనుకో. నోటికి ఎలా వస్తే అలా రాయి. అమ్మ మాట్లాడినట్టు రాయి. మన లీయెన్ వాళ్ల మూడిళ్లలో తప్ప ఇంకెక్కడా వినపడని మాటలుంటే మరీ మంచిది. లేకపోతే జవాబు ఇవ్వను.

నీ అన్న,
హల్వర్

*

స్కారె,
3 మార్చి 1929

అన్నయ్యా,

సరే, అడిగింది నువ్వు. తర్వాత ఇదేం రాతే అంటే ఊరుకోను.

ఈ స్కారె ఇంటికి పనికొచ్చి మూడేళ్లయింది కదా, ఇంటాయన ఎంద్రే వాళ్లమ్మ బ్రిత్తెవాకి నామీద ఇప్పటికీ గురి కుదర్లేదు. కాఫీ అలమార తాళంచెవి రవికెలో దోపుకుని తిరుగుద్ది. ఇంటికెవరన్నా వచ్చారనుకో, ముందు ఆవిడ గుండెలు తడుముకోవాలి, తర్వాతే కాఫీ. వచ్చినోళ్ల ముందే వెన్న కత్తిని చక్కగా నాకి, "ఇదిగో రాసుకోండి" అని చేతికిస్తుంది. ఇంక వాళ్లేం రాసుకుంటారు? ఒట్టి రొట్టె నములుకుంటా వాతావరణం గురించి మాట్లాడతారు.

ఇప్పుడు అసలు సంగతి. నవ్వకు. పోయిన మంగళవారం ఎర్రావు ఈనలేక నానా అవస్థా పడింది. ఎంద్రే మోచేతి దాకా చెయ్యి లోపలపెట్టి దూడ కాలు వెతుకుతున్నాడు, నేను తోక పట్టుకుని నించున్నా. ఉన్నట్టుండి, "శీతాకాలం రాకముందే పాస్టరుగారితో చదివించేద్దామా" అన్నాడు. దూడ కోసం ప్రార్థనేమో అనుకున్నా. ఏం చదివించాలి అన్నా. "మన పేర్లు" అన్నాడు. చర్చిలో మూడు ఆదివారాలు పేర్లు చదివితే ఇంక పెళ్లేగా. నేను తోక వదిలేశాను. ఆవు నన్ను ఒక్క తన్ను తన్నింది. దూడ బతికింది.

నాకు ముప్పయ్యారేళ్లు అన్నయ్యా. మా ఆయన్ని సముద్రం తీసుకుపోయి అయిదేళ్లు. మా పిల్ల సున్నీవాకి ఏడో ఏడు. ఇన్నాళ్లూ ఎవరి గడపలోనో నించుని "ఎక్కడ పడుకోమంటారు" అని అడిగే బతుకే. ఇప్పుడు అడిగే పన్లేకుండా పోతుంది. అందుకే నాకు సంతోషం. నువ్వన్నట్టే, మురిసిపోతున్నా.

ఇది నీకొక్కడికే. చదివి పొయ్యిలో పడెయ్. పేర్లు చదివేదాకా ఊళ్లో పిట్టక్కూడా తెలీకూడదన్నాడు ఎంద్రే.

గూరో

*

ఓస్లో,
2 ఏప్రిల్ 1929

నా బంగారు చెల్లీ,

ఆఫీసులో తలుపేసుకుని నాలుగుసార్లు చదివాను. తోక వదిలేశావా? పదమూడేళ్లు నేను వ్యాసాలు రాసి నిరూపించలేనిది నువ్వు ఆవు తోక పట్టుకుని నిరూపించావు. ఈ భాషలో బతుకు ఉంది గూరో, నెత్తురు ఉంది. నా భార్య ఎలియోనూరుకు సగం మాటలు అర్థం కావు. నగరంలో పుట్టిన పిల్ల, ఏం చేస్తుంది పాపం. అందుకే నీ ఉత్తరాలు ఇంటికి తీసుకెళ్లను.

ఎంద్రే మంచివాడిలాగే ఉన్నాడు. అతని గురించి ఇంకా రాయి. ఎలా నడుస్తాడు, ఎలా కోప్పడతాడు, ముసలావిడ ఏమంటుంది, అన్నీ. ఏదీ దాచకు, ఏదీ దిద్దకు. నీ కొట్టివేతలు కూడా నాకు కావాలి.

పొయ్యి సంగతి నువ్వు నాకు చెప్పాలా?

హల్వర్

*

స్కారె,
23 జూన్ 1929

అన్నయ్యా,

గడ్డి కోతలు మొదలయ్యాయి. నడుము విరిగింది. అయినా నీకు రాయకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. నీకు రాసేటప్పుడే నాకు నేను కనపడతా. ఇదో అలవాటైపోయింది.

ఎంద్రే గురించి రాయమన్నావు. రాయొచ్చో లేదో తెలీదు గానీ రాస్తా. మొన్న మధ్యాహ్నం ఎండు మాంసం తెద్దామని ధాన్యపు కొట్టు నిచ్చెన ఎక్కాను. లోపల ఎంద్రే, తలుపుకి వీపుపెట్టి, వేలాడగట్టిన గొర్రె తొడని రెండు చేతులా పట్టుకుని నించున్నాడు. దాని నాణ్యం చూస్తున్నాడేమో అనుకున్నా. భుజాలు ఎగిరిపడతన్నాయి. ఎద్దులాంటి మనిషి, చర్చి పెద్ద, జాతరలో ముగ్గుర్ని ఎత్తి కుదేసినోడు, పాలు మాన్పించిన దూడలాగా ఏడుస్తున్నాడు. ఆ రోజు పోయిన పెళ్లాం పుట్టినరోజంట. నన్ను చూసి "రాగ్నా" అన్నాడు. అది ఆవిడ పేరు. నేనేమనాలి? "ఆఁ" అన్నాను. నా ఒళ్లో తల పెట్టుకున్నాడు. కాసేపు రాగ్నాగానే ఉన్నా. ఏం పోయింది నాకు? ఆ మనిషికి ఏడవడానికి ఇంకో చోటు లేదు.

కిందకి దిగేటప్పుడు మాత్రం, "గూరో, ఇది కొట్టులోనే ఉండిపోవాలి" అన్నాడు. ఉంటుందన్నా. నీకు చెప్పడం ఎవరికన్నా చెప్పడం కిందకి రాదనుకో.

సున్నీవా ఆయన్ని నాన్నా అంటోంది. ఎవరూ నేర్పలా.

ఇంకో మాట. ఈ ఆకురాలు కాలం నించి మా యువజన సంఘం వాళ్లు మీ పత్రిక తెప్పిస్తారంట. తోర్మోద్ మాస్టారు ఆదివారాలు సంఘం ఇంట్లో కాఫీ అయ్యాక అందరికీ చదివి వినిపిస్తాడు. "మన లీయెన్ హల్వరు పత్రిక" అని ఊరంతా చెప్పుకుంటున్నాడు. నాకూ గర్వంగానే ఉంది.

గూరో

*

ఓస్లో,
30 ఆగస్టు 1929

చెల్లీ,

తీరిక లేదు, రెండు ముక్కలు. మా ముసలి సంపాదకుడు దిగిపోతున్నాడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో నవంబరు ఆఖరులో కమిటీ తేలుస్తుంది. నా పేరు ముందు వరుసలో ఉందని చెప్పుకుంటున్నారు. ఈమధ్య నేను నడుపుతున్న ఒక శీర్షికకు మంచి పేరు వచ్చింది. విశ్వవిద్యాలయం నుంచి ఒక ఆచార్యుడు వచ్చి మరీ చేయి కలిపి వెళ్లాడు.

మీ ఊరికి పత్రిక వస్తే మంచిదే. అయినా చలికాలంలో పడవలు సరిగా నడవవు కదా, అన్ని సంచికలూ అందకపోవచ్చు. పెళ్లి పనులు చూసుకో.

హల్వర్

*

స్కారె,
14 అక్టోబరు 1929

అన్నయ్యా,

అన్ని సంచికలూ అందాయి.

నిన్న సంఘం ఇంట్లో నలభై మందిమి ఉన్నాం. ముందు వరసలో బ్రిత్తెవా, ఆవిడ వెనక నేను, మేజోడు అల్లుకుంటా. ఎంద్రే తలుపు దగ్గర మగాళ్లతో. మాస్టారు గొంతు సవరించుకుని, "ఇప్పుడు హల్వరు శీర్షిక. ఒక లోయలో ఒక పనిమనిషి రాసిన ఉత్తరాలు" అన్నాడు. నాకప్పుడూ తట్టలా. లోకంలో పనిమనుషులు లేరా?

వెన్న కత్తి దగ్గర అందరూ పగలబడి నవ్వారు. బ్రిత్తెవా కూడా నవ్వింది. "ఎవత్తో గానీ ఎంత పిసినారి ముండో" అంది. అప్పుడు వెనకనించి తొర్కెల్ తాత, "ఇది లీయెన్ ఇళ్లోళ్ల మాట గదరా" అన్నాడు. ఆ మాటతీరు మన మూడిళ్లలోనే కదా ఉంది. రెండిళ్లు ఖాళీ. నువ్వు ఓస్లోలో. మిగిలిందెవరు? ఒక్కొక్క తలే నావైపు తిరిగింది. పేర్లు తీసేశావు సరే, నన్నెక్కడ దాచావు? ప్రతి మాటలోనూ నేనే కూచుని ఉన్నా.

మాస్టారికీ అర్థమైంది. కానీ మొదలెట్టింది ఆపడం చేతకాని మనిషి, చదువుతూనే పోయాడు. ఆవు, తోక. తర్వాత కొట్టు. గొర్రె తొడ. ఎద్దులాంటి మనిషి దూడలాగా ఏడవడం. పోయినావిడ పేరుతో పిలవడం, నేను ఆఁ అనడం. కుర్రాళ్ల వరసలోంచి ఎవడో "అంబా" అన్నాడు. సగం మంది తల దించుకున్నారు, సగం మంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. బ్రిత్తెవా వెనక్కి తిరగలా. తాళంచెవి ఉన్న చోట చెయ్యి వేసుకుని అలాగే కూచుంది. ఎంద్రే టోపీ పెట్టుకుని బయటికెళ్లాడు. తలుపు మెల్లిగానే వేశాడు.

ఇవాళ పొద్దున పాకలో నాతో మాట్లాడాడు. తిట్టలా. "నువ్వు రాశావా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా, "చెప్పకు" అన్నాడు. "వచ్చే నెల పేర్లు చదివించడం అనుకున్నాం కదా. మీ అన్నని పేపర్లో ఒక్క ముక్క వెయ్యమను. అదంతా తనే కల్పించి రాశానని. అది వస్తే నేను నమ్ముతా. నమ్మలేకపోయినా నమ్మినట్టే ఉంటా. ఊరూ అలాగే ఉంటుంది. రాకపోతే నా వల్ల కాదు గూరో. నేను ఇక్కడే బతకాలి."

అన్నయ్యా, నిన్ను తిట్టడానికి నాకు టైము లేదు, తర్వాత తిడతా. ఒక్క వాక్యం. "ఆ ఉత్తరాలు నేను కల్పించినవి." నాలుగు మాటలు. నేనూ నా కూతురూ ఎక్కడ పడుకోవాలో ఆ నాలుగు మాటలమీద ఉంది.

గూరో

*

ఓస్లో,
24 అక్టోబరు 1929

ప్రియమైన గూరో,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు బాధపడ్డాను. ముందే చెప్పి ఉండాల్సింది, ఒప్పుకుంటున్నాను. చెబితే నువ్వు స్వేచ్ఛగా రాసేదానివి కాదు. పేర్లు, ఊళ్లు అన్నీ తీసేశాను. మాటల జోలికి మాత్రం పోలేదు. అందులో ఒక్క మాట మార్చినా పదమూడేళ్ల నా పోరాటానికి అర్థం ఉండదు.

నువ్వు అడిగింది చేయలేను. ఎందుకో విను. ఈ ఉత్తరాలు ఏ పల్లె మనిషీ రాయలేదని, హల్వర్ తన గదిలో కూర్చుని అల్లాడని 'నగరదీపం' ఇప్పటికే రాస్తోంది. కమిటీలో ఇద్దరు ఆ మాట పట్టుకుని నా మీద లేస్తున్నారు. ఇప్పుడు నేనే "అవును, కల్పించాను" అని అచ్చు వేస్తే నా చేత్తో నా పీక కోసుకున్నట్టే. నేనొక్కడినే పోతే పరవాలేదు. మన భాషలో ఇంత బాగా రాయగల సామాన్యురాలు లేనే లేదని దేశం నమ్ముతుంది.

అసలు ప్రతులు చూపించమంటున్నారు. నా దగ్గర లేవు. నేను ఎత్తిరాసుకుని, నువ్వు చెప్పినట్టే పొయ్యిలో వేశాను. కాబట్టి నువ్వే నాకో కాగితం రాసి పంపు, ఇవి రాసింది నేనేనని.

ఎంద్రే విషయం. నిజాన్ని మోయలేని మనిషి నీకు భర్తగా ఎందుకు గూరో? నీ కలానికి తగడు.

హల్వర్

*

స్కారె,
1 నవంబరు 1929

అన్నయ్యా,

వాక్యం వెయ్యకు, సరే. నా పేరు మాత్రం వెయ్యకు. నీ కాళ్లు పట్టుకుంటా.

ఎంద్రే ఇంకా పాస్టరు దగ్గరికి పోయి వద్దని చెప్పలా. రోజూ పడవ రేవుకి తనే పోయి పత్రిక తెస్తున్నాడు, విప్పి చూసి మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. ఊళ్లో వాళ్లకి తెలుసు, కానీ ఎవరూ మొహమ్మీద అనలా. అచ్చులో పేరు లేదు కాబట్టి అందరం తెలీనట్టు నటిస్తన్నాం. నాలుగు నెలలు పోతే మర్చిపోతారు. ఆ నటన చాలు నాకు. అది చెడగొట్టకు.

నా కలం, నా కలం అంటావు. నాకు కలం వద్దు. ఇల్లు కావాలి.

గూరో

*

ఓస్లో,
12 నవంబరు 1929

ప్రియమైన గూరో,

నీ ఉత్తరం అందేసరికే ఆలస్యమైపోయింది. నిజం చెప్పాలంటే, ముందే అందినా నేను చేసేది అదే. నిన్నటి సంచికలో మొదటి పేజీలో నీ పేరు పడింది. "ఈ ఉత్తరాలు రాసింది నా సొంత చెల్లెలు, స్కారె ఇంట పనిచేసే గూరో లీయెన్. అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి అడగండి" అని రాశాను. సాయంత్రానికి విద్యార్థులు ఆఫీసు ముందుకొచ్చి చప్పట్లు కొట్టారు. 'నగరదీపం' నోరు పడిపోయింది.

కమిటీ కార్యదర్శి, 'నగరదీపం' విలేకరి ఇద్దరూ కలిసి నెలాఖరులో మీ ఊరు వస్తున్నారు. అవును అని ఒక్క మాట చెప్పు, చాలు. ఆ తర్వాత నీ పేరు ఈ దేశంలో అందరికీ తెలుస్తుంది.

అక్కడ ఇబ్బందిగా ఉంటే కొన్నాళ్లు మా దగ్గరికి రమ్మనేవాణ్నే. ఎలియోనూరుకు ఒంట్లో బాగుండటం లేదు, ఇల్లు కూడా చిన్నది. నువ్వు అర్థం చేసుకుంటావు.

హల్వర్

*

ఓస్లో,
9 డిసెంబరు 1929

నా తల్లీ, గూరో,

ఎందుకిలా చేశావు?

కమిటీ నన్ను పిలిచి, అవి నువ్వు రాయలేదంటూ నీ సంతకం ఉన్న కాగితం ముందు పెట్టింది. పాస్టరు సాక్షి సంతకం కూడా ఉంది. అది అబద్ధం అన్నాను నేను. కార్యదర్శి, "మీ చెల్లెలు కళ్లలోకి చూసి చెప్పింది" అన్నాడు. కుర్చీ ఇవ్వకపోవడమే కాదు, నన్ను పత్రికలోంచే తీసేశారు. పాఠకులకు క్షమాపణ అచ్చు వేశారు. 'నగరదీపం' వారం రోజులుగా నన్ను కార్టూనుల్లో గీస్తోంది, గౌను వేసి, చేతిలో ఆవు తోక పెట్టి. నిన్న ట్రాములో ఒకడు నన్ను చూసి "అంబా" అన్నాడు. ఏ పత్రికలోనూ నాకు చోటు లేదు. చప్పట్లు కొట్టిన పిల్లలే ఇప్పుడు రోడ్డు దాటి అటువైపు వెళ్తున్నారు.

నేను తప్పు చేశాను. నువ్వు ఏమన్నా పడతాను. కానీ ఇది నిజం కాదు కదా గూరో. ఒక్క వాక్యం రాసి పంపు. "అవి నేనే రాశాను." నాలుగు మాటలు కూడా లేవు. నా బతుకు దాని మీద ఉంది.

నీ అన్నయ్య

*

బెర్గెన్,
19 జనవరి 1930

హల్వర్,

ఈ అక్షరాలు నావి కావు. లాండ్రీలో నా పక్కన ఇస్త్రీ చేసే డగ్నీ రాసిపెడుతోంది, నేను చెప్తున్నా. చాకలి సోడాకి వేళ్లు పగిలి కలం నిలవట్లా.

జరిగింది చెప్తా. నా పేరు పడిన పేపరు రేవులోనే విప్పాడు ఎంద్రే. అక్కణ్నించి నేరుగా పాస్టరు దగ్గరికే పోయాడు. సోమవారం పొద్దున బ్రిత్తెవా నా పెట్టె బండెక్కించి తాడు తనే కట్టింది. "పిల్లా, ఇంకోళ్ల ఇంటికెళ్లి రాసుకో" అంది. సున్నీవా "నాన్నా, మేం ఎక్కడికి?" అని అడిగింది. ఎంద్రే గుర్రం డెక్క చూస్తున్నాడు. బండి కదిలేదాకా డెక్కే చూశాడు.

పాస్టరుగారి వంటింట్లో తలదాచుకున్నాం. నువ్వు చెప్పినోళ్లిద్దరూ అక్కడికే వచ్చారు. ఎంద్రేని చర్చి పెద్దగా సాక్ష్యానికి పిలిపించారు. కార్యదర్శి పెద్దమనిషి, నేను నోరు తెరవకముందే అవునని రాసుకోబోయాడు. "ఈ ఉత్తరాలు మీరే రాశారా అమ్మా?" అన్నాడు.

"లేదండి" అన్నాను.

"మరి?"

"మా అన్నకి చిన్నప్పట్నించి కట్టుకథలల్లే అలవాటండి."

"మరి మీ పేరెందుకు వేశారు?"

"నేను ఎదురు చెప్పనని."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే చెప్పా, కాగితం మీద సంతకమూ పెట్టా. అబద్ధం చెప్పడం ఇంత తేలికని నాకు తెలీదు. నీకు ఆ రోజు అంత కష్టం ఎందుకైందో ఇప్పటికీ అర్థం కాదు.

బయటికొచ్చాక ఎంద్రే నా దగ్గరికొచ్చాడు. "మీ అన్న ఇంత నీచుడనుకోలేదు" అన్నాడు. నమ్మాడు హల్వర్. నమ్మినట్టు ఉండటం కాదు, నిజంగానే నమ్మాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టె మళ్లీ ఇంటికి తెచ్చుకోమంటాడేమోనని నించున్నా. "అమ్మ అప్పుడే పనికి వేరే మనిషిని కుదిర్చేసింది" అన్నాడు. అదే మాట నీ పేపర్లో అక్టోబరులో పడుంటే ఈ పాటికి స్కారె వంటింట్లో ఉండేదాన్ని. ఇక్కడ ఎనిమిది మందికి ఒక గది. సున్నీవా తలుపు పక్కన పడుకుంటుంది. ఎక్కడ పడుకోమంటారని మళ్లీ అడగడం మొదలెట్టా.

నువ్వు ఒక్క వాక్యం అడిగావు. నువ్వు నాకు ఇవ్వలేదు, నేను నీకు ఇస్తున్నా. అవి నేనే రాశాను. ప్రతి ముక్కా నేనే.

తీసుకెళ్లి కమిటీకి చూపించు. కావాలంటే అచ్చు వేయించు, నా పేరుతో సహా. ఇది కూడా నువ్వే రాసుకున్నావంటారు.

గూరో